కంప్యూటరులో కంప్యూటరు – కాపలా కెమెరా

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, సామర్లకోట)

కిందటేడు దాళ్వా ధాన్యం తోలినప్పటి మాట. మా కళ్ళంలో ట్రాక్టరు కెక్కించిన బస్తాలకీ, మర్నాడు పొద్దున్న సామర్లకోటలో ఒక గోడౌను దగ్గర కాటా వేసిన బస్తాలకీ ఆరు తేడా వచ్చింది. బస్తాకి 75 కిలోల లెక్కన నాలుగున్నర క్వింటాళ్ళు. రాత్రి పొద్దుపోయి దింపటం వల్ల సరుకు గోడౌను ఆవరణలోనే వుండిపోయింది. గేటు మీద కెమెరా వుంది గదా అని మా నాన్నగారు, "రాత్రి బొమ్మ ఓసారి చూపించండి గుమాస్తాగారూ" అన్నారు. ఆయన కాదనలేదు. కంప్యూటరు తెర మావైపు తిప్పేరు. తెర మీద నాలుగు గళ్ళు. నాలుగూ నలుపే! కింద మాత్రం ఎర్రచుక్క వెలుగుతూ 'రికార్డింగ్' అని వుంది. వెనక్కి జరిపి చూస్తే, రాత్రి కరెంటు పోయిన క్షణం దాకా బొమ్మ శుభ్రంగా వుంది. కరెంటు తిరిగి వచ్చిన దగ్గర్నుంచీ అంతా చీకటే.

"ఇది కన్ను కాదురా, చేలో దిష్టిబొమ్మ" అన్నారు నాన్నగారు ఇంటికొస్తూ. ఆరు బస్తాల సంగతి అక్కడితో ఆగిపోయింది. ఎవరినీ అనటానికి లేదు. ఆధారం లేనిదే ఎవరిని అంటాం?

నాకు మాత్రం ఆ నల్లగళ్ళు మనసులో నిలిచిపోయాయి. కెమెరా పాడవలేదు, వైరు తెగలేదు, కంప్యూటరు నడుస్తూనే వుంది. మరి బొమ్మ ఏమైనట్టు? కాకినాడలో కంప్యూటర్ల పని చేసే మా బావని అడిగితే, "అక్కడ ఖాతాలకీ కెమెరాలకీ ఒకటే కంప్యూటరు. కెమెరాలని అందులో వర్చువల్ మెషీన్లో పెట్టేరు. చిక్కంతా అక్కడే" అన్నాడు. వేసవి సెలవుల్లో ఒక పాత కంప్యూటరూ, చవగ్గా దొరికిన ఒక వీడియో కాప్చర్ కార్డూ సంపాదించి ఇద్దరం ఆ చిక్కుముడి విప్పి చూశాం. అందులో నేను నేర్చుకున్న పాఠాన్నే విద్యార్థి మిత్రుల ముందు వుంచుతున్నాను.

1. కెమెరా ఏమి పంపుతుంది?

పాత పద్ధతి కెమెరా, తీగ వెంట పంపేది హెచ్చుతగ్గుల విద్యుత్తు. మన దేశం అనుసరించిన పాల్ పద్ధతిలో ఒక్కొక్క బొమ్మకి 625 గీతలు. సెకనుకి 25 బొమ్మలు. ఒక్కొక్క బొమ్మ సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి చొప్పున రెండు సగాలుగా వస్తుంది. కంప్యూటరుకి ఈ భాష తెలియదు. దానికి తెలిసినవి సున్నా, ఒకటి. ఈ రెండిటి మధ్య దుబాసీ పని చేసేదే వీడియో కాప్చర్ కార్డు.

ఇది తయారుచేసే అంకెల రాశి ఎంతో చూద్దాం. అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. మొత్తం 4,14,720 చుక్కలు. చుక్కకి రెండు బైట్లు అనుకుంటే ఒక బొమ్మకి 8,29,440 బైట్లు. సెకనుకి 25 బొమ్మలు గనుక 2,07,36,000 బైట్లు. అంటే ఒక్క కెమెరా నుంచే సెకనుకి రెండు కోట్ల బైట్ల పైన వచ్చి పడుతున్నాయన్నమాట! నాలుగు కెమెరాలైతే ఎనిమిది కోట్ల పైమాటే. పాత పి.సి.ఐ. మార్గం మొత్తం మీద మోయగలిగింది సెకనుకి సుమారు 13 కోట్ల 30 లక్షల బైట్లు. అదైనా ఆ మార్గం మీద వున్న కార్డులన్నీ పంచుకోవలసిందే. అందుకే చవక కార్డుల్లో నాలుగు కెమెరాలకీ కలిపి ఒకటే చిప్పు పెట్టి, వంతులవారీగా ఒకదాని తరవాత ఒకటి చూపిస్తారు. దాళ్వాలో కాలవ నీటికి వంతులు పెట్టినట్టే. ఒక కెమెరా వంతు నడుస్తుండగా తక్కిన మూడిటి ముందు ఏం జరిగినా ఆ చిప్పుకి తెలియదు. బిటి 878 అనే చిప్పుతో ఇలాంటి కార్డులు ఎన్నో వచ్చాయి. మాకు దొరికిందీ అదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గుర్తుంచుకోవాలి. ఇన్ని కోట్ల బైట్లని ప్రోసెసరు ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి మెమరీలో పెట్టదు. ఏ చిరునామాలో దింపాలో కార్డుకి ఒకసారి చెప్పేస్తే, అదే స్వయంగా మెమరీలోకి రాసేస్తుంది. దీన్నే డి.ఎం.ఏ. అంటారు. ముందు రాబోయే తంటా అంతా దీనిదే.

2. కంప్యూటరులో కంప్యూటరు

వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటరు లోపల ఒక ప్రోగ్రాము సృష్టించే మరో కంప్యూటరు. అసలు యంత్రాన్ని హోస్టు అనీ, లోపలి దాన్ని గెస్టు అనీ అంటారు. ఇదేమీ నిన్నమొన్నటి వూహ కాదు. ఐ.బి.ఎం. వారు 1960ల్లోనే తమ పెద్ద యంత్రాల మీద దీన్ని నడిపించారు. 1972లో వి.ఎం. 370 పేరుతో అమ్మకానికి ప్రకటించారు. ఏ ప్రోసెసరు మీద ఇది సవ్యంగా సాధ్యమో 1974లో పోపెక్, గోల్డ్‌బెర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సూత్రాలు కట్టి చెప్పారు. మన బల్లల మీది చిన్న కంప్యూటర్లకి ఈ విద్య ఆలస్యంగా అబ్బింది. 1999లో వి.ఎం.వేర్ వర్క్‌స్టేషన్ వచ్చింది. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి జెన్ వచ్చింది. 2007లో కె.వి.ఎం. అనేది లైనక్సులోనే భాగమైపోయింది.

దీని ప్రయోజనం ఏమిటంటారా? పది ఎకరాల ఆసామి తన పొలాన్ని ముగ్గురికి కౌలుకిచ్చాడనుకోండి. ఒకడి చేలో తెగులు వస్తే రెండోవాడి పంట పోనక్కర్లేదు. ఎవరి గట్టు వారిది. అలాగే ఒకే యంత్రంలో ఖాతాలు ఒక గెస్టులో, కెమెరాల రికార్డు మరో గెస్టులో పెడితే, ఒకటి చెడినా రెండోది నడుస్తుంది. రెండు యంత్రాల ఖర్చూ, రెండిటి కరెంటూ ఆదా. ఆ గోడౌనువారు చేసిన ఆలోచన తప్పు కాదు. తప్పు జరిగింది దాన్ని అమలు పెట్టటంలో.

3. చిక్కు ఎక్కడ వచ్చింది?

గెస్టుకి కనిపించేవన్నీ హోస్టు చూపించినవే. హోస్టు దానికొక ఉత్తుత్తి డిస్కునీ, ఉత్తుత్తి నెట్‌వర్కు కార్డునీ తయారుచేసి చూపిస్తుంది. వాటితో మామూలు పనులు జరిగిపోతాయి. కాని ఉత్తుత్తి కాప్చర్ కార్డుతో ఏం లాభం? నిజమైన కెమెరా తీగ నిజమైన కార్డులోనే గదా గుచ్చాలి! కనుక అసలు కార్డునే హోస్టు చేతుల్లోంచి తీసి, గెస్టుకి పూర్తిగా అప్పగించాలి. దీన్ని పాస్‌త్రూ అంటారు. అప్పగించాక హోస్టు ఆ కార్డు జోలికి పోరాదు.

మొదటి అడ్డంకి చిరునామాలది. గెస్టు తన మెమరీ సున్నా నుంచి మొదలవుతుందనుకుంటుంది. నిజానికి అది హోస్టు మెమరీలో ఎక్కడో మధ్యన వుంటుంది. కౌలు రైతు తన మడులకి ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టుకున్నా, రెవెన్యూ పటంలో వాటి సర్వే నంబర్లు వేరుగదా. "మూడో మడిలో దింపు" అని గెస్టు చెబితే, ఏమీ ఎరగని కార్డు తిన్నగా వెళ్ళి హోస్టు తాలూకు మూడో మడిలో బస్తాలు గుమ్మరిస్తుంది. ఎవరి పంట తొక్కుతుందో దేవుడికే ఎరుక. కంప్యూటరు మొత్తం కూలబడవచ్చు. కనుక మధ్యన పటం చేతబట్టుకుని, ప్రతి చిరునామానీ మార్చి చెబుతూ, గట్టు దాటనివ్వని కాపలాదారు వుండాలి. ఆ కాపలాదారే ఐ.ఓ.ఎం.ఎం.యు. ఇది చిప్పులో వుండవలసిన సదుపాయం. ఇంటెల్ వారు దీన్ని వి.టి.డి. అనీ, ఎ.ఎం.డి. వారు ఎ.ఎం.డి.వి.ఐ. అనీ పిలుస్తారు. దీన్ని వాడుకుని పరికరాలని గెస్టుకి భద్రంగా అప్పగించే వి.ఎఫ్.ఐ.ఓ. అనే ఏర్పాటు 2012లో లైనక్సులో చేరింది. చాలా కంప్యూటర్లలో ఈ సదుపాయం వున్నా, బయాస్‌లో కట్టేసి వుంటుంది. మేము రెండురోజులు తల బద్దలుకొట్టుకున్నాక తెలిసింది, మాదీ కట్టేసే వుందని!

రెండో అడ్డంకి గుంపులది. పాత పి.సి.ఐ. కార్డులు కొత్త బోర్డుల మీద ఒక వంతెన చిప్పు వెనకాల వుంటాయి. పాత పి.సి.ఐ. మార్గంలో 'ఇది ఫలానా కార్డు పంపింది' అనే ఆనవాలు వుండదు. వంతెన దాటి వచ్చే సరుకంతా వంతెన పేరుమీదే వస్తుంది. ఎవరు పంపారో తెలియనప్పుడు కాపలాదారు ఎవరికని గట్టు కడతాడు? అందుచేత ఆ వంతెన వెనక వున్నవన్నీ ఒకటే గుంపు. అప్పగిస్తే గుంపంతా ఒకే గెస్టుకి అప్పగించాలి, లేకపోతే లేదు. ఒకే తూము కింది చేలల్లో ఒక్క చేనుకే నీరు కట్టేస్తానంటే కుదురుతుందా? పైగా బిటి 878 చిప్పులో బొమ్మకి ఒకటి, శబ్దానికి ఒకటి చొప్పున రెండు పరికరాలు కనిపిస్తాయి. ఆ రెండూ కూడా కలిసే వెళ్ళాలి.

మూడోది పిలుపుల తగాదా. కార్డు "బొమ్మ సిద్ధం" అని ప్రోసెసర్ని పిలవటానికి ఒక ఇంటరప్టు తీగ వుంటుంది. పాత పద్ధతిలో ఒకే తీగని నాలుగైదు కార్డులు వాడుకుంటాయి. తన పిలుపుని తాను ఆపుకునే సదుపాయం పి.సి.ఐ. 2.3 ప్రమాణంతో వచ్చింది. అది లేని పాత కార్డుకి తీగ ఒంటరిగా దొరకాలి. దొరకకపోతే గెస్టు మొదలే కాదు. అప్పుడు కార్డుని పక్క స్లాటులోకి మార్చి చూడటమే మార్గం. మాకు మూడో స్లాటులో కుదిరింది.

ఇక నాలుగోది, మా ఆరు బస్తాలకి సంబంధించింది. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు హోస్టు తన కంట పడిన ప్రతి కార్డుకీ డ్రైవరుని తగిలిస్తుంది. కాప్చర్ కార్డు కనిపిస్తే దాన్నీ తనే పట్టేసుకుంటుంది. ఎవరో ఒకరు కూర్చుని, దాన్ని విడిపించి గెస్టుకి అప్పగిస్తేగాని బొమ్మ రాదు. మొదటి రోజు అలా చేత్తో అప్పగించి, అంతా బాగుందని వెళ్ళిపోయి వుంటారు. నెలల తరబడి కరెంటు పోలేదు, లేదా బ్యాటరీ కాపాడింది. ఆ రాత్రి కరెంటు పోయి వచ్చింది. హోస్టు లేచింది, కార్డుని తనే పట్టుకుంది. గెస్టూ లేచింది, కాని కార్డు లేకుండా. రికార్డు ప్రోగ్రాము మాత్రం యథాప్రకారం ఎర్రచుక్క వెలిగించి నల్లబొమ్మలు రాసుకుంటూ కూర్చుంది!

మా ఇంట్లో కంప్యూటరుకి కావాలని మూడుసార్లు ప్లగ్గు పీకి చూశాను. మూడుసార్లూ అచ్చంగా అవే నల్లగళ్ళు. మొదలయ్యేటప్పుడే ఆ కార్డు వి.ఎఫ్.ఐ.ఓ.కి చెందాలని హోస్టుకి రాసిపెట్టి, మామూలు డ్రైవరుని రాకుండా ఆపాక, నాలుగోసారి బొమ్మ దానంతటదే వచ్చింది. రెండు గీతల రాత. దానికి ఆరు బస్తాల వెల!

4. తక్కిన దారులు

యు.ఎస్.బి.కి తగిలించే చిన్న కాప్చర్ పరికరాలూ వున్నాయి. చవక, తేలిక. కాని యు.ఎస్.బి. 2.0లో ఇలాంటి బొమ్మల ప్రవాహానికి ఒక పరికరానికి దొరికేది గరిష్ఠంగా సెకనుకి రెండుకోట్ల నలభైఅయిదు లక్షల బైట్లు. ఒక్క కెమెరాకే రెండు కోట్లు కావాలని పైన చూశాం. ఈ రకం రవాణాలో దారిలో పోయిన ముక్కని మళ్ళీ పంపటం వుండదు. గెస్టు ఒక్క క్షణం ఆలస్యంగా అందుకున్నా బొమ్మ చిరిగిపోతుంది. కనుక పరికరాన్ని ఒక్కదాన్ని ఇచ్చే బదులు, అది తగిలివున్న యు.ఎస్.బి. కంట్రోలరునే మొత్తంగా గెస్టుకి అప్పగించటం మేలు.

మూడో దారి నెట్‌వర్కు కెమెరా. ఇందులో అంకెలు చెయ్యటం, కుదించటం రెండూ కెమెరాలోనే జరిగిపోతాయి. గెస్టుకి కావలసింది ఉత్తుత్తి నెట్‌వర్కు కార్డు మాత్రమే. అప్పగింతలూ లేవు, తగాదాలూ లేవు. కొత్తగా పెట్టుకునేవారికి నేను చెప్పేది ఇదే. పాత తీగలూ పాత కెమెరాలూ వున్నవారు, వాటి బొమ్మని నెట్‌వర్కులోకి మార్చి పంపే ఎన్‌కోడరు పెట్టెని మధ్యన పెట్టుకోవచ్చు.

5. దాచటం, రుజువు చెయ్యటం

సెకనుకి రెండుకోట్ల బైట్లని వున్నవున్నట్టు దాస్తే ఏ డిస్కూ చాలదు. కుదించాలి. ఈ కుదింపుకి పునాది వేసినది డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారమ్ అనే గణితపద్ధతి. దాన్ని 1974 జనవరిలో లోకానికి వెల్లడించిన వ్యాసం మీద వున్న పేర్లు మూడు: నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. ఆ మూడో పేరు కామిశెట్టి రామమోహనరావు గారిది. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో ఆచార్యులైనవారు. మనం పరీక్ష కోసం వల్లెవేసే కొసైనే ప్రతి గేటు మీది కెమెరాలోనూ పనిచేస్తున్నదంటే, గణితం ఎందుకని అడిగేవారికి వేరే జవాబు అక్కర్లేదు.

కుదించాక కెమెరాకి సెకనుకి 20 లక్షల బిట్లు అనుకుందాం. రోజుకి 21.6 గిగాబైట్లు. 30 రోజులకి 648. నాలుగు కెమెరాలకి 2,592 గిగాబైట్లు. ముప్ఫై రోజులే ఎందుకన్నానంటే, ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతా చర్యల అమలు చట్టం, 2013 ఆ గడువే పెట్టింది. ఒకేసారి నూరుమంది దాకా చేరే దుకాణాలూ, హాళ్ళూ, బడులూ, గుళ్ళూ వంటి చోట్ల కెమెరాలు పెట్టి, బొమ్మలని 30 రోజులు దాచాలంటుంది. ఇక పోలీసు ఠాణాల్లోని కెమెరాల రికార్డు 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. ఇక్కడ వర్చువల్ మెషీన్ వాడేవారికి ఒక హెచ్చరిక. గెస్టుకి మూడువేల గిగాబైట్ల డిస్కు వున్నట్టు చూపించి, హోస్టులో నిజంగా వెయ్యే వుంచవచ్చు. లేని పొలానికి కౌలు కాగితం రాసినట్టే అది. నిండిన రోజున ఖాతాలూ, కెమెరాలూ కలిసి ఆగిపోతాయి.

దాచగానే సరిపోదు, నమ్మించాలి. 2024 జూలై 1 నుంచి అమలులో వున్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం, ఇలాంటి రికార్డుని కోర్టుకి ఇచ్చేటప్పుడు ధ్రువపత్రం జతచెయ్యాలి. ఆ పత్రంలో ఫైలు తాలూకు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలుకి వేలిముద్ర వంటిది. ఒక్క బిట్టు మారినా ముద్ర మారిపోతుంది. మరో మాట, కాలం. గెస్టుని కాసేపు ఆపి మళ్ళీ నడిపిస్తే దాని గడియారం వెనకబడవచ్చు. బొమ్మ మీద రాత్రి రెండని వుండి, నిజంగా మూడైతే, ఆ బొమ్మ ఎవరికి ఉపకారం? అందుకని హోస్టుకీ గెస్టుకీ రెండిటికీ నెట్‌వర్కు ద్వారా టైము సరిచేసే ఏర్పాటు వుండాలి.

6. చివరిగా నాలుగు జాగ్రత్తలు

ఒకటి: అంతా అమర్చాక ఇంజనీరు వెళ్ళిపోకముందే మెయిన్ స్విచ్చి దించి, మళ్ళీ ఎత్తించండి. ఎవరూ చెయ్యి పెట్టకుండా బొమ్మ రావాలి.

రెండు: ఎర్రచుక్కని నమ్మకండి. బొమ్మ నల్లగా వున్నా, ఫైలు పెరగకపోయినా ఫోనుకి కబురు పంపే చిన్న ప్రోగ్రాముని గెస్టు బయట, హోస్టులో పెట్టండి. పడుకున్నవాడే తాను పడుకున్నానని చెప్పలేడు గదా!

మూడు: కార్డుని అప్పగించిన గెస్టుకి మెమరీ మొత్తం ముందే కట్టిపెట్టాలి. దాన్ని నడుస్తుండగా వేరే యంత్రంలోకి మార్చటం కుదరదు. ఇది తెలిసే దిగాలి.

నాలుగు: వారానికొకసారి నిన్నరాత్రి బొమ్మ తీసి చూడండి. చూసుకునే మనిషి లేని చోట ఇంత తతంగం వద్దు. విడిగా ఒక చిన్న రికార్డరు పెట్టె చాలు.

మిత్రులారా, ఆ ఆరు బస్తాలు తిరిగి రాలేదు. రావని నాన్నగారికీ తెలుసు. నేను కంప్యూటరు ముందు కూర్చుని ప్లగ్గులు పీకుతుంటే మొదట "కరెంటు దండగ" అన్నారు. నాలుగోసారి బొమ్మ దానంతటదే వచ్చినప్పుడు మాత్రం మంచం మీంచి లేచి వచ్చి, తెర మీద మా వాకిట్లో గేదెని చూసి, కాసేపు అలాగే నిలబడ్డారు.

ఈ ఏడు సార్వా ధాన్యం తోలినప్పుడు కూడా రాత్రే అయ్యింది. బస్తాలు దింపకముందే నాన్నగారు గుమాస్తాగారి దగ్గరికి వెళ్ళి ఒక్కటే అడిగారు. "నిన్న రాత్రి బొమ్మ చూపించండి. వుంటే దింపుతాం, లేకపోతే తెల్లారేదాకా బండి మీదే వుంచుతాం." మన సైన్సు చదువు మన ఇళ్ళకి ఇంతమాత్రం చేరినా, చదివిన ఫీజు గిట్టినట్టేనని నా అభిప్రాయం.